డాక్టర్ సలహా: పిల్లలతో ఏడాది పాటు ఉగాండా వెళ్తున్నాం, ఏమేం జాగ్రత్తలు తీసుకోవాలి?

ప్రశ్న: మాది హనుమకొండ. మావారికి ఉగాండాలోని కంపాలాలో ప్రాజెక్టు వచ్చింది. 11 నెలలు అక్కడే ఉండాలి. ఏడు వారాల్లో అందరం బయల్దేరుతున్నాం. బాబుకు ఆరేళ్లు. చలికాలంలో ఆయాసం వస్తే ఇన్‌హేలర్ వాడతాం. రెండేళ్లప్పుడు కోడిగుడ్డు తింటే ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయి, అప్పట్నుంచి పెట్టడం లేదు. పాపకు 10 నెలలు, ఇంకా నా పాలు తాగుతోంది. జలుబుగా ఉందని తొమ్మిదో నెల టీకా వేయించలేదు. ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి అంటున్నారు. మా అత్తయ్యేమో ‘అవి కామెర్లే కదా, పసరు మందు పట్టుకెళ్తే సరిపోతుంది’ అంటున్నారు. పిల్లల కోసం ఏయే సిరప్‌లు, యాంటీబయాటిక్స్ తీసుకెళ్లాలో లిస్టు చెప్పగలరా? – ఒక సోదరి

జవాబు: మందుల సంగతి చివర్లో చెబుతాను. అవి బయల్దేరే ముందురోజు కూడా కొనుక్కోవచ్చు. టీకాలు అలా కాదు, ఒకదానికీ మరొకదానికీ మధ్య రోజుల లెక్క ఉంటుంది. మీ చేతిలో ఉన్నది ఏడు వారాలే కాబట్టి ముందు క్యాలెండర్ తీయండి.

పాపకు ఆగిపోయిన తొమ్మిదో నెల టీకా తట్టు, రుబెల్లాలది. దాన్ని ఈ వారమే వేయించండి. (మామూలు జలుబుకు టీకా ఆపనక్కర్లేదు. నా దగ్గరికొచ్చే తల్లుల్లో సగం మంది ఇలాగే వాయిదా వేస్తుంటారు.) ఇదీ, ఎల్లో ఫీవర్ టీకా కూడా బతికున్న క్రిముల్ని బలహీనపరిచి తయారుచేసినవే. అలాంటివి రెండూ ఒకే రోజు వేయాలి, లేదంటే కనీసం నాలుగు వారాల ఎడం ఉండాలి. వీలుంటే ఎడం ఇవ్వడమే మంచిది, రెండూ ఇంకా బాగా పనిచేస్తాయి. తట్టు టీకా ఇప్పుడు వేయిస్తే ఎల్లో ఫీవర్‌ది నాలుగు వారాల తర్వాత వేయించవచ్చు, ప్రయాణానికి ఇంకా మూడు వారాలు మిగులుతాయి. సర్టిఫికెట్ చెల్లుబాటు టీకా వేసిన పదో రోజు నుంచే మొదలవుతుంది కాబట్టి ఈ లెక్క సరిపోతుంది. ఒకవేళ ప్రయాణం ముందుకు జరిగితే రెండూ ఒకే రోజు వేయించేయండి.

ఎల్లో ఫీవర్ టీకా తొమ్మిది నెలలు నిండాక వేస్తారు. తొమ్మిది నెలల లోపు బిడ్డకు పాలిచ్చే తల్లులకు వేసేముందు మేం ఆలోచిస్తాం. మీ పాప ఆ వయసు దాటింది కాబట్టి మీరూ వేయించుకోవచ్చు. గర్భం ఉందేమోనన్న అనుమానం ఏమాత్రం ఉన్నా ముందే చెప్పండి. ఈ టీకా అన్ని ఆసుపత్రుల్లోనూ దొరకదు. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ఏయే రోజుల్లో వేస్తారో కనుక్కుని, పాస్‌పోర్టులు పట్టుకుని వెళ్లండి. అక్కడిచ్చే పసుపు రంగు పుస్తకమే నేను చెప్పిన సర్టిఫికెట్. అది జీవితాంతం చెల్లుతుంది, 2016కు ముందు పదేళ్లే చెల్లేది.

మీ అత్తయ్యగారికి ఒక్క మాట చెప్పండి. ఎల్లో ఫీవర్‌లో కూడా కళ్లు పచ్చబడొచ్చు కానీ అది మన ఊళ్లలో చూసే కామెర్లు కాదు. డెంగీని మోసే దోమే దీన్నీ మోస్తుంది. ఈ జబ్బు మన దేశంలో లేదు, దోమ మాత్రం ఇంటింటా ఉంది. అందుకే తిరిగొచ్చేటప్పుడు ఆ పుస్తకం లేకపోతే మన అధికారులు ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచుతారు. దీనికి పసరు మందు పనిచేయదు. పిల్లలకు అసలే పట్టించొద్దు.

నాకు టెన్షన్ ఉన్నది మీ బాబు గురించే. ఎల్లో ఫీవర్ టీకాను కోడిపిండాల్లో తయారుచేస్తారు, గుడ్డుకు తీవ్రమైన అలర్జీ ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు. నాలుగేళ్ల కింద ఒకసారి వచ్చిన దద్దుర్లను బట్టి ఏదీ తేల్చలేం. ఇప్పుడు కేకు, బిస్కెట్ల లాంటివి తింటే ఏమీ కావడం లేదా? అప్పుడు దద్దుర్లతో పాటు వాంతులు, ఆయాసం, ముఖం వాపు వచ్చాయా? ఇవన్నీ కాగితం మీద రాసుకుని ఈ వారమే అలర్జీ చూసే డాక్టర్‌ను కలవండి. ఇంట్లో గుడ్డు పెట్టి పరీక్షించొద్దు. టీకా వద్దని తేలితే వైద్య కారణాలతో మినహాయింపు రాసిస్తారు. కానీ ఆ కాగితం ఎయిర్‌పోర్టు దాటిస్తుందే తప్ప దోమ నుంచి కాపాడదు. అలాంటప్పుడు బాబును అన్ని నెలలు అక్కడ ఉంచాలా వద్దా అని మీ ఇద్దరూ మళ్లీ ఆలోచించుకోవాలి. ఆయాసం మాత్రం ఈ టీకాకు అడ్డు కాదు. ఇన్‌హేలర్‌లో ఉండే స్టెరాయిడ్ వల్ల ఇబ్బంది లేదు. ఈమధ్య నోటి ద్వారా స్టెరాయిడ్ వాడి ఉంటే చెప్పాలి.

పిల్లలిద్దరికీ టైఫాయిడ్ కాంజుగేట్ టీకా వేయించండి. ఆరు నెలలు నిండితే వేయొచ్చు. మన భారత్ బయోటెక్ తయారుచేసిందే ఇప్పుడు చాలా దేశాల్లో వాడుతున్నారు. ఫ్లూ టీకా కూడా మంచిది, గుడ్డు అలర్జీ ఉన్నా వేయొచ్చు. బాబుకు ఐదేళ్లకు వేసే బూస్టర్లు పడ్డాయో లేదో కార్డు చూడండి.

ఇక మలేరియా. కంపాలాలో ఇది ఏడాది పొడవునా ఉంటుంది. అక్కడ ఎక్కువగా ఉండేది ఫాల్సిపారమ్ రకం, ఒకట్రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి తెచ్చే రకం. మనకు అలవాటైన క్లోరోక్విన్ దాని మీద పనిచేయదు. ముందు జాగ్రత్త మాత్రల్లో మెఫ్లోక్విన్ వారానికోసారి వేసేది. ప్రయాణానికి రెండు మూడు వారాల ముందే మొదలుపెట్టి, తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు కొనసాగించాలి. ఫిట్స్, మానసిక సమస్యలు ఉన్నవాళ్లకు ఇవ్వం. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు డాక్సీసైక్లిన్ వద్దు. ఏ మందు, ఎంత మోతాదు అన్నది బరువు చూసి మీ డాక్టరే రాయాలి. మీరు మాత్ర వేసుకుంటే పాల ద్వారా పాపకు రక్షణ అందుతుందనుకోవద్దు, తన డోసు తనకుండాలి. ఆఫ్రికా పిల్లలకు వేస్తున్న మలేరియా టీకా మనలాంటి ప్రయాణికులకు ఉద్దేశించింది కాదు. మలేరియా దోమ సాయంత్రం నుంచి తెల్లవారే దాకా కుడుతుంది కాబట్టి మందు పూసిన దోమతెరలు కట్టుకోండి, అంచులు పరుపు కిందకు దోపండి.

అక్కడికి వెళ్లి వారం దాటాక పిల్లలకు జ్వరం వస్తే, మాత్రలు వేస్తున్నా సరే, అదే రోజు రక్తపరీక్ష చేయించాలి. పారాసెటమాల్ వేయండి, తప్పు లేదు. జ్వరం దిగింది కదా అని పరీక్ష మానొద్దు. మొదటిసారి నెగెటివ్ వచ్చినా జ్వరం ఉంటే 12 నుంచి 24 గంటల్లో మళ్లీ చేయించండి.

అక్కడి ఇంటి పనుల్లో ఒకటి గుర్తుపెట్టుకోండి. ఆరుబయట ఆరేసిన తడి బట్టల మీద ఒక రకం ఈగ గుడ్లు పెడుతుంది. అవి ఒంటికి తగిలితే పురుగులు చర్మంలోకి దూరి సెగ్గడ్డల్లా లేస్తాయి. అందుకే పాప లంగోటాలతో సహా ప్రతి బట్టనూ రెండువైపులా ఇస్త్రీ చేయాలి, లేదా ఇంటి లోపలే ఆరేయాలి. విక్టోరియా సరస్సు చూడ్డానికి బాగుంటుంది. పిల్లల్ని మాత్రం నీళ్లలోకి దింపొద్దు, మోకాలి లోతు కూడా వద్దు. నత్తల నుంచి వచ్చే సూక్ష్మమైన పురుగులు చర్మం గుండా ఒంట్లోకి చేరతాయి. బోడా బోడా అనే బైక్ ట్యాక్సీల మీద పిల్లల్ని ఎక్కించొద్దు.

ఇప్పుడు లిస్టు. పారాసెటమాల్, థర్మామీటర్, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, జింక్, దోమల క్రీమ్, బాబుకు సరిపడా ఇన్‌హేలర్లు, స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం), ప్రిస్క్రిప్షన్. ఇన్‌హేలర్, స్పేసర్ చేతి బ్యాగులోనే ఉండాలి. ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్‌దే కొనండి, దాని మీద ఎన్ని నీళ్లని ఉంటే అన్ని నీళ్లే కలపండి. ఆ పేరుతో అమ్మిన తీపి డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అన్న మాట వాడొద్దని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. యాంటీబయాటిక్ సిరప్‌లు వద్దు. జ్వరానికి అవి మొదలుపెట్టి రెండు రోజులు చూద్దామనుకుంటే మలేరియాకు ఆ రెండు రోజులే చాలు. విమానంలో నిద్రపోతారని జలుబు సిరప్ పట్టించే అలవాటుంటే మానండి. దిగేటప్పుడు పాపకు పాలివ్వండి, చెవి నొప్పి తగ్గుతుంది.

తిరిగొచ్చాక మొదటి మూడు నెలల్లో ఎవరికి జ్వరం వచ్చినా, డాక్టర్ దగ్గర కూర్చోగానే ముందు చెప్పాల్సిన మాట ‘ఉగాండా నుంచి వచ్చాం’ అని. మీరు చెప్పకపోతే వైరల్ జ్వరమో డెంగీనో అనుకుని మేమూ పొరబడొచ్చు.