అమ్మ ఫోన్ చేస్తే గుమస్తా డబ్బు పంపేస్తున్నాడు

ప్రశ్న: మిర్యాలగూడలో మాకు రైస్ మిల్లు ఉంది, ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. నాన్న పోయాక నేనూ తమ్ముడూ డైరెక్టర్లం. అమ్మకి 30 శాతం వాటా ఉంది, పదవి లేదు. అయినా గుమస్తాకి ఫోన్ చేసి గుళ్లకి చందాలు ఇప్పిస్తుంది, గోనె సంచులు మేనమామ దగ్గరే ఎక్కువ రేటుకి కొనిపిస్తుంది. రంగు మారిన బియ్యం గింజల్ని ఏరేసే కొత్త సార్టెక్స్ మిషన్ కొందామంటే మాత్రం అప్పు వద్దంటుంది. ఇంట్లో రోజూ గొడవే.

జవాబు: నాన్నగారు పోయాక మిల్లు సంగతులు అమ్మగారికి ఎవరైనా కూర్చోబెట్టి చెప్తున్నారా? ఆయన ఉన్నప్పుడు ధాన్యం ఎంతకి కొన్నారో, ఎవరు బాకీ పడ్డారో రాత్రి భోజనాల దగ్గర ఆమె చెవిన పడే ఉంటుంది. ఇప్పుడు మీరిద్దరూ అన్నీ ఆఫీసులోనే తేల్చుకుని వస్తుంటే ఆమెకి మిగిలింది గుమస్తా ఒక్కడే.

అలాగని జరుగుతున్నది సరేనని అనను. మిల్లు నడపడానికి బ్యాంకు ఇచ్చే సీసీ (క్యాష్ క్రెడిట్) అప్పు లిమిట్‌కి మీ అన్నదమ్ములు హామీ సంతకాలు పెట్టే ఉంటారు, రేపు తేడా వస్తే బ్యాంకు ముందు మీ మీదకే వస్తుంది. సంచుల విషయం ఇంకా చిక్కు. కంపెనీలో 20 శాతం, ఆపైన వాటా ఉన్నవాళ్ల తోబుట్టువులకి మార్కెట్ ధర కన్నా ఎక్కువ ఇస్తే, ఆ ఎక్కువ మొత్తాన్ని ఆదాయపు పన్ను అధికారి ఖర్చు కింద ఒప్పుకోకుండా కొట్టేయవచ్చు. ఈ మాట మీరు చెప్తే కోడలు నేర్పిందనుకుంటారు, అందుకే మీ ఆడిటర్ గారిని ఇంటికి పిలిచి ఆయన నోటితోనే చెప్పించండి.

గుమస్తాని తిట్టకండి, పెద్దమ్మగారు చెప్తే అతను కాదనగలడా? 50,000 దాటిన ఏ చెల్లింపుకైనా మీ ఇద్దరి సంతకాలూ ఉండాలని బోర్డులో తీర్మానం రాసుకోండి, కానీ అమలు చేసేముందు అది అమ్మగారికి చదివి వినిపించండి. వేరేవాళ్ల ద్వారా తెలిస్తే చాలా బాధపడతారు.

చందాలు మాత్రం మానిపించొద్దు. ఆమె వాటాకి వచ్చే లాభం (డివిడెండ్) ఆమె సొంత ఖాతాలో పడేలా చూడండి, చాలకపోతే మీ జీతాల్లోంచి నెలకింత అని వేయండి, దానికి లెక్క అడక్కండి.

సార్టెక్స్ గురించి వాదించే బదులు ఆమెని మిల్లుకి తీసుకెళ్లి, పాత మిషన్‌లో రంగు మారిన గింజలు ఎన్ని మిగిలిపోతున్నాయో చూపించండి, ఈఎంఐ ఎంతో, ఎందులోంచి కడతారో కాగితం మీద వేసి చెప్పండి. అప్పటికీ వద్దంటే, కంపెనీ నియమావళిలో వేరేగా లేనంత వరకు అది డైరెక్టర్ల నిర్ణయం, కొనేయండి.

మేనమామతో మీరు నేరుగా తలపడొద్దు. ఇంకో ఇద్దరి దగ్గర సంచుల రేట్లు తెప్పించి అమ్మగారి చేతిలో పెట్టండి, ఆ రేటుకి ఇస్తే ఆయన దగ్గరే కొంటామని ఆమెతోనే మేనమామకి ఫోన్ చేయించండి.