ఎమర్జెన్సీ అనగానే సూట్‌కేసు సర్దకు

సందేహం: అన్నా, నేను డాలస్ వచ్చి నాలుగు నెలలైంది. అధ్యక్షుడు ఎమర్జెన్సీ పెడితే ఇళ్లు, కార్లు, తిండిగింజలు అన్నీ ఫెమా (ఇక్కడి విపత్తు సహాయ సంస్థ) చేతికి పోతాయని, ఎన్నికలు కూడా ఉండవని వాట్సాప్‌లో అధ్యక్షుడి ఆర్డర్ల నంబర్లతో సహా తిరుగుతోంది. నాన్న వెంటనే వచ్చేయమంటున్నారు. నిజమేనా?

జవాబు: తమ్ముడూ, నాన్నగారి టెన్షన్ నాకర్థమైంది. ఆయన తరానికి ఎమర్జెన్సీ అంటే 1975 జూన్ 25. పత్రికల మీద సెన్సారు, జైళ్లు, లోక్‌సభ గడువు పొడిగింపు. ఇక్కడ అదే మాట చాలా మామూలుగా వాడేస్తారు. ఇరాన్ విషయంలో 1979లో అధ్యక్షుడు కార్టర్ పెట్టిన ఎమర్జెన్సీని ఏటేటా పొడిగిస్తూనే వచ్చారు. నీ పక్క సీటు అమెరికన్‌ని అడుగు, తెలిస్తే నాకు చెప్పు. 1976 నాటి ఎమర్జెన్సీల చట్టం ప్రకారం అధ్యక్షుడు ఊరికే ప్రకటిస్తే సరిపోదు, ఏ చట్టంలోని ఏ అధికారం వాడుతున్నాడో రాసి చూపాలి.

ఇక ఆ నంబర్లు. 10997, 10998 లాంటివి 1962లో కెన్నెడీ సంతకం చేసినవే. యుద్ధమొస్తే కరెంటు, తిండి సంగతి ఏ శాఖ చూడాలో ముందే ప్లాను వేసుకోమని చెప్పిన ఆర్డర్లవి. 1969లో నిక్సన్ వాటిని రద్దు చేశాడు. ఫెమా పుట్టిందే 1979లో! ఫెడరల్ రిజిస్టర్ (ఇక్కడి ప్రభుత్వ గెజిట్) సైటులోనో నేషనల్ ఆర్కైవ్స్‌లోనో నంబరు వెతికితే రద్దయిందో లేదో తెలిసిపోతుంది.

అలాగని అంతా కట్టుకథ అనను. పెద్ద విపత్తులోనూ ప్రభుత్వం నడవాలని 2007లో బుష్ ఇచ్చిన ఆదేశం ఉంది, దాని అనుబంధాలు రహస్యం. ఐజెన్‌హోవర్ కాలం నుంచి అధ్యక్షుడి సంతకం కోసం సిద్ధంగా ఉంచే ఎమర్జెన్సీ ఆర్డర్ల ముసాయిదాలూ ఉన్నాయి. వాటిలో ఏముందోనని ఇక్కడి లాయర్లే ప్రశ్నిస్తుంటారు. కానీ ముసాయిదా చట్టం కాదు. కొరియా యుద్ధం పేరుతో ట్రూమన్ ఉక్కు మిల్లులను స్వాధీనం చేసుకుంటే, 1952లో సుప్రీంకోర్టు 6-3తో కొట్టేసింది. ఎన్నికలంటావా, అంతర్యుద్ధం మధ్యలో 1864లోనే జరిపారు. గడువు ముగిసిన జనవరి 20 మధ్యాహ్నానికి అధ్యక్షుడి పదవి పోతుందని రాజ్యాంగంలోనే ఉంది.

నేనూ మోసపోయాను, దాచడమెందుకు. 2020 మార్చిలో "48 నుంచి 72 గంటల్లో దేశమంతా లాక్‌డౌన్" అన్న మెసేజ్ చూసి నాలుగు బస్తాల సోనా మసూరి మోసుకొచ్చాను. అది అబద్ధమని వైట్‌హౌస్ జాతీయ భద్రతా మండలే చెప్పింది. ఆ బియ్యం దసరా దాకా తిన్నాం.

మనబోటి వీసావాళ్లను నిజంగా తాకేది వేరే ఉంది: ఇమిగ్రేషన్ చట్టంలోని 212(ఎఫ్), అంటే విదేశీయుల రాకను అధ్యక్షుడు ఆపగలిగే సెక్షన్. దానికి ఎమర్జెన్సీ అక్కర్లేదు. 2020 జూన్‌లో కొత్త హెచ్1బీ వీసాల మీద వచ్చిన ఆంక్షలు, 2025 సెప్టెంబరులో కొత్త పిటిషన్లకు లక్ష డాలర్ల షరతు రెండూ దాని కిందివే. 2020లో ఇక్కడున్నవాళ్లను ఎవరూ పొమ్మనలేదు, స్టాంపింగ్‌కని (పాస్‌పోర్టులో వీసా ముద్ర వేయించుకోవడానికి) హైదరాబాద్ వెళ్లినవాళ్లే ఇరుక్కుపోయారు. నాన్నగారి మాట విని కంగారుగా విమానమెక్కితే నువ్వు చేరేది ఆ జాబితాలోనే. సంక్రాంతికి వెళ్లాలనుకుంటే ముందు పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తేదీ చూసుకుని, కంపెనీ లాయరుకు ఒక మెయిల్ పెట్టు.