హైదరాబాద్‌లో చేసి ‘ఆత్రేయపురం పూతరేకులు’ అనవచ్చా?

ప్రశ్న: మాది ఆత్రేయపురం. పిల్లల చదువుల కోసం హైదరాబాద్ వచ్చి స్థిరపడ్డాం. అమ్మా నేనూ ఇంట్లోనే పూతరేకులు చేసి, పెట్టె మీద ‘ఆత్రేయపురం పూతరేకులు’ అని ముద్రించి అమ్ముతున్నాం. జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చాక ఆ పేరు వాడితే కేసు పెడతారని ఒకరు భయపెట్టారు. ఆ ఊళ్లో పుట్టిన మాకే ఆ హక్కు లేదా? ఆ పేరుతో ట్రేడ్‌మార్క్ తీసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ బాధ అర్థమైంది. అయినా ముందు చేదు మాటే చెప్పాలి. ఆ పెట్టెలు వెంటనే ఆపేయండి.

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 1999 నాటి జీఐ చట్టం సరుకు ఎక్కడ తయారైందో చూస్తుంది, చేసినవారు ఎక్కడ పుట్టారో చూడదు. మీ అమ్మగారిది ఎంత చేయి తిరిగిన పనితనమైనా, హైదరాబాద్‌లో తీసిన రేకును ఆత్రేయపురం రేకుగా అమ్మితే సెక్షన్ 22 ప్రకారం ఉల్లంఘనే. జిల్లా కోర్టులో దావా వేసి అమ్మకాలు ఆపించవచ్చు, నష్టపరిహారం కోరవచ్చు. సెక్షన్ 39 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల వరకు జరిమానా కూడా ఉన్నాయి. మోసం చేసే ఉద్దేశం లేదని రుజువు చేసుకుంటే శిక్ష తప్పుతుంది గానీ, ఆ రుజువు భారం మీ మీదే ఉంటుంది.

ఈ నియమం న్యాయమైనదనే నేను నమ్ముతాను. బోర్లించిన కుండ ముందు వేడికి, పొగకు ఓర్చుకుంటూ, పిండి నీళ్లలో ముంచిన గుడ్డను పరిచి ఒక్కో రేకూ తీసే ఆడవాళ్లు ఇప్పటికీ ఆ ఊళ్లో ఉన్నారు. ఊరి పేరుకు వచ్చే ధర ముందు వాళ్లకు చేరాలి.

అలాగని మీకు దారి మూసుకుపోలేదు. రేకులు ఊరి నుంచే తెప్పించుకుని, నెయ్యి, బెల్లం వేసి మడత పెట్టే పని మాత్రం ఇక్కడ చేస్తే సంగతి వేరు. తయారీ వస్తువుల విషయంలో ఉత్పత్తి, ప్రాసెసింగ్, తయారీ పనుల్లో ఏదో ఒకటి ఆ ప్రాంతంలో జరిగితే చాలని చట్టంలోని నిర్వచనం చెబుతోంది. అయితే అసలు కొలత ఆ జీఐ దరఖాస్తులో నమోదైన తయారీ విధానమే. చెన్నైలోని జీఐ రిజిస్ట్రీ దగ్గర ఉండే ఆ వివరణలో మడత కూడా అక్కడే జరగాలని ఉందేమో చదివించుకున్నాకే అడుగు వేయండి. అనుకూలంగా ఉంటే ‘అధీకృత వినియోగదారు’గా, అంటే ఆ పేరు వాడుకునే హక్కున్నవారిగా, నమోదుకు దరఖాస్తు చేయండి. అసలు సరుకుతో వ్యాపారం చేసేవారూ చట్టం దృష్టిలో ఉత్పత్తిదారులే. దరఖాస్తు రుసుమును 2020లో రూ.500 నుంచి రూ.10కి తగ్గించారు. కాబట్టి ఖర్చుకు వెనకాడనక్కర్లేదు.

ఈ నమోదు ఇప్పిస్తాం, పేరు వాడుకోవడానికి లైసెన్సు అమ్ముతాం అంటూ ఎవరైనా వస్తే డబ్బులివ్వకండి. జీఐని అమ్మడం, బదిలీ చేయడం, లైసెన్సుకు ఇవ్వడం సెక్షన్ 24 ప్రకారం కుదరదు.

ట్రేడ్‌మార్క్ సంగతి: ఇక్కడ చేసిన సరుకుకు ‘ఆత్రేయపురం’ పేరుతో అడిగితే సెక్షన్ 25 అడ్డొస్తుంది. ‘పూతరేకులు’ అన్న మాట మాత్రం అందరిదీ. దాని ముందు మీ అమ్మగారి పేరు పెట్టి, ఆ పేరునే ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేయించుకోండి. రుచి నచ్చినవాళ్లు ఆ పేరుతోనే వెతుక్కుంటూ వస్తారు.

‘ఆత్రేయపురం’ పెద్దగా వేసి, మూలన చిన్న అక్షరాల్లో ‘తయారీ: హైదరాబాద్’ అని పెడదామన్న ఆలోచన వద్దు. ఆ చిన్న అక్షరాలే కోర్టులో మీకు వ్యతిరేక సాక్ష్యం అవుతాయి. ఊళ్లోని అధీకృత తయారీదారుల దగ్గర కొన్న పెట్టెలను ఉన్నవి ఉన్నట్టుగా అమ్ముకోవడానికి మాత్రం ఏ ఆటంకమూ లేదు. వాటి బిల్లులు జాగ్రత్తగా దాచుకోండి. ఈలోగా నోటీసు వస్తే పక్కన పడేయకుండా, పెట్టెలు ఆపిన తేదీ రాసి న్యాయవాది ద్వారా జవాబు పంపండి.