రిగ్గుపై గాయపడిన తమ్ముడి కేసు ఏ కోర్టు వినాలి?

ప్రశ్న: గ్రీన్‌కార్డుతో అమెరికాలో ఉంటున్న మా తమ్ముడు లూసియానా తీరానికి దూరంగా, మెక్సికో గల్ఫ్‌లోని ఒక జాకప్ రిగ్గుపై (కాళ్లను సముద్రగర్భంలో ఆనించి నిలిచే, చోటు మారగల చమురు తవ్వకపు వేదికపై) డెక్ పనివాడు. డ్రిల్లింగ్ మడ్ (తవ్వకంలో వాడే బురద ద్రవం) పడి తడిసిన మెట్టు మీద జారి పడడంతో మోకాలి లిగమెంటు తెగింది. లాయరు, గాయపడిన ఓడ కార్మికులకు వర్తించే జోన్స్ చట్టం కింద లూసియానా రాష్ట్ర కోర్టులో దావా వేశారు. కంపెనీ దానిని ఫెడరల్ కోర్టుకు మార్పించి, మా వాడు అసలు సీమన్ (ఓడ కార్మికుడు) కానే కాదంటోంది. ఈ కేసు ఏ కోర్టు వినాలి?

జవాబు: ముందుగా ఒక తేదీ చూసుకోండి. కేసును తిరిగి రాష్ట్ర కోర్టుకు పంపమని కోరే పిటిషన్‌ను, కంపెనీ బదిలీ నోటీసు దాఖలు చేసిన నాటి నుంచి 30 రోజుల్లోగా వేయాలి. ఆ గడువు దాటితే, జోన్స్ చట్టం కేసును బదిలీ చేయకూడదన్న అభ్యంతరాన్ని మీ తమ్ముడు వదులుకున్నట్టే అవుతుంది. ఈ రోజే లాయరుకు ఫోన్ చేసి, పిటిషన్ దాఖలైందో లేదో అడగండి.

1920 నాటి జోన్స్ చట్టం, విధుల్లో గాయపడిన సీమన్‌కు, అంటే ఓడ పనిలో భాగమైన కార్మికుడికి, యజమాని నిర్లక్ష్యంపై జ్యూరీ ముందు దావా వేసే హక్కు ఇచ్చింది. దావా రాష్ట్ర కోర్టులో వేయాలో ఫెడరల్ కోర్టులో వేయాలో ఎంచుకునేది కార్మికుడే. రైల్వే కార్మికుల చట్టం నుంచి తెచ్చుకున్న నిబంధన ప్రకారం, రాష్ట్ర కోర్టులో వేసిన జోన్స్ దావాను ప్రతివాది ఫెడరల్ కోర్టుకు లాగకూడదు. కంపెనీకి మిగిలిన దారి, మీ తమ్ముడు సీమన్ కాదని, ఆ దావాకు ఆధారమే లేదని చూపడం. అందువల్ల, ఏ కోర్టు అన్న ప్రశ్న చివరికి మీ తమ్ముడు ఎలాంటి పనివాడు అన్న ప్రశ్న మీదే తేలుతుంది.

1995లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం, సీమన్ అనిపించుకోవాలంటే పని ఓడ ప్రయోజనానికి తోడ్పడాలి. ఓడతో ఉన్న సంబంధం కాలంలోనూ స్వభావంలోనూ గణనీయమైనదై ఉండాలి. పని సమయంలో 30 శాతం కన్నా తక్కువ ఓడపై గడిపినవారికి సాధారణంగా ఈ హోదా దక్కదు. కాళ్లను సముద్రగర్భంలో ఆనించి పైకి లేచినా, జాకప్ రిగ్గును కోర్టులు ఓడగానే పరిగణిస్తాయి; స్థిర ప్లాట్‌ఫారమ్‌ను మాత్రం కాదు. అయితే రోజుల లెక్క ఒక్కటే చాలదు. తన పనికాలంలో అత్యధిక భాగం జాకప్ రిగ్గులపైనే గడిపిన ఒక వెల్డర్‌ను, లూసియానా ఫెడరల్ కోర్టులపై అప్పీళ్లు వినే ఫిఫ్త్ సర్క్యూట్ పూర్తి ధర్మాసనం 2021లో సీమన్ కాదంది. అతని విధేయత ఓడకా, ఒడ్డున ఉన్న యజమానికా? పని సముద్రానికి సంబంధించినదేనా? ఒక చిన్న పని ముగిశాక వెళ్లిపోయే మనిషా, రిగ్గుతో పాటు ఒక చోటి నుంచి మరో చోటికి కదిలే మనిషా? ఆ తీర్పు ముఖ్యంగా ఈ మూడు అంశాలనూ చూడమంది.

అందుకే మీ తమ్ముడి డ్యూటీ షీట్లు, జీతం స్లిప్పులు, రిగ్గు స్థలం మారినప్పుడు ఆయన అందులోనే ఉన్నట్టు చూపే సిబ్బంది జాబితాలు ఇప్పుడే సేకరించండి. రిగ్గు కదిలినన్ని రోజులూ అదే బంకులో పడుకున్న డెక్ పనివాడి స్థితి, ఒక్క మరమ్మతు కోసం వచ్చిన వెల్డర్ స్థితికన్నా చాలా బలమైనది. నా దృష్టిలో ఈ కేసుకు ఆయువుపట్టు ఈ కాగితాలే.

ఒకవేళ సీమన్ కాదని తేలితే, యజమానిపై క్లెయిమ్ కోర్టులో కాక అమెరికా కార్మిక శాఖ వద్ద, రేవు కార్మికుల పరిహార చట్టమైన లాంగ్‌షోర్ చట్టం కింద నడుస్తుంది. నిర్లక్ష్యం నిరూపించాల్సిన పని లేదు, కానీ ప్రధానంగా దొరికేది వైద్య ఖర్చులు, సగటు వారపు వేతనంలో మూడింట రెండు వంతుల వరకు పరిహారం మాత్రమే. ఇతర కంపెనీల తప్పుంటే వాటిపై వేరే దావా ఉంటుంది. లూసియానా తీరం నుంచి 3 నాటికల్ మైళ్లు దాటిన ఖండతీర ప్రాంతంలోని చమురు కార్యకలాపాల నుంచి పుట్టే వివాదాలపై 1953 నాటి చట్టం ఫెడరల్ కోర్టుకు అధికారం ఇచ్చింది కాబట్టి, అలాంటి దావాను ఫెడరల్ కోర్టు వినవచ్చు.

కోర్టు మారితే తేడా లేకపోలేదు. లూసియానా రాష్ట్ర కోర్టులో 12 మంది జ్యూరీలో 9 మంది ఏకీభవిస్తే సివిల్ తీర్పు వస్తుంది. ఫెడరల్ కోర్టులో మాత్రం, పక్షాలు వేరుగా ఒప్పుకుంటే తప్ప, అందరూ ఒక్క మాట మీద ఉండాలి. జోన్స్ దావాకు 3 ఏళ్ల గడువున్నా, లాంగ్‌షోర్ క్లెయిమ్‌కు సాధారణంగా ఏడాదే కాబట్టి దానినీ కాపాడుకోండి. కంపెనీ స్వచ్ఛందంగా ఇచ్చే లాంగ్‌షోర్ చెల్లింపులు తీసుకున్నంత మాత్రాన జోన్స్ హక్కు పోదని 1991లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ఏ సెటిల్‌మెంట్ కాగితం మీదా లాయరు చదవకుండా సంతకం పెట్టనివ్వకండి.