జెర్బిల్ ముక్కు దగ్గర ఎరుపు: రక్తమా, కాదా?

శ్రీకాకుళం నుంచి మీరు అడిగింది ఇదీ: రెండు జెర్బిళ్లలో (ఎలక లాంటి చిన్న పెంపుడు జంతువులు) మగదానికి ముక్కు చుట్టూ, కంటి కొసల్లో ఎర్రగా అంటుకుంటోంది, బొచ్చు పాయలు పాయలుగా లేస్తోంది, తిండి మాత్రం తింటోంది, ఇంట్లో ఉన్న పిల్లల అమాక్సిసిలిన్ సిరప్ ఓ చుక్క వేయొచ్చా అని. సిరప్ మాత్రం వేయకండి. ఎందుకో కింద చెప్తాను, ముందు ఆ ఎరుపు సంగతి చూద్దాం.

అది చాలావరకు రక్తం కాదండి. వీటికి కంటి వెనక ఉండే ఒక గ్రంథి నుంచి పార్ఫిరిన్ అనే ఎర్రటి పదార్థం వస్తుంది, ఒళ్లు శుభ్రం చేసుకునేటప్పుడు అదే తుడుచుకుపోతుంది. జంతువు టెన్షన్‌లో ఉన్నా, గాలిలో తేమ ఎక్కువైనా అది ముక్కు దగ్గర పేరుకుపోయి చర్మాన్ని మండిస్తుంది, జుట్టు ఊడుతుంది, గీరుకుంటే పుండవుతుంది. తేల్చుకోవాలంటే తడి దూదితో మెల్లగా తుడిచి, ఆ దూదిని చీకటి గదిలో దుకాణాల్లో దొంగనోట్లు చూసే లైటు కింద పెట్టండి. పార్ఫిరిన్ అయితే ఎర్రగానో నారింజ రంగులోనో మెరుస్తుంది, రక్తం అలా మెరవదు. లైటు దూది మీదే వేయండి, జంతువు కళ్లలోకి వద్దు.

అసలు తంటా అంతా మన వాతావరణంతోనే. మనం పెంచే జెర్బిళ్లు మంగోలియా వైపు పొడి నేలలవి, గాలిలో తేమ 50 శాతం దాటితేనే వాటి బొచ్చు జిడ్డుగా ముద్దకడుతుంది. మనకా, విజయనగరంలో కూడా ముసురు పట్టిందంటే తీగ మీద బట్టలు రెండో రోజుకీ ఆరవు. అందుకని నేను వానాకాలం అంతా గాజు తొట్టి మూత తీసేసి సన్న జాలీ బిగిస్తాను, నీళ్ల సీసా కారుతోందేమో రోజూ కింద చెయ్యి పెట్టి చూస్తాను, తడిసిన కాగితం ముక్కలు ఆ పూటే తీసేస్తాను. స్నానానికి ఇసక పెడితే ఆ జిడ్డూ ఎరుపూ అదే రాసుకుని పోగొట్టుకుంటుంది. నాగావళి ఇసకైనా సరే, బాగా కడిగి, ఎండబెట్టి, ధూళి పోయేలా జల్లించాలి. సముద్రపు ఇసక వద్దు, ఉప్పు ఉంటుంది. సామిల్లు పొట్టు కూడా వద్దు, ఆ నుసికి ఊపిరి పట్టేస్తుంది. ఊపిరి తీస్తుంటే టిక్ టిక్‌మని చప్పుడు వినిపిస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

ఇప్పుడు సిరప్ మాట. అమాక్సిసిలిన్, పెన్సిలిన్ లాంటివి ఇలాంటి చిన్న జంతువుల పేగుల్లో మంచి బాక్టీరియాని చంపేసి ప్రాణం మీదికి తేవచ్చు. పశువుల ఆసుపత్రుల్లో ఆవులకీ గేదెలకీ వాడే స్ట్రెప్టోపెనిసిలిన్ ఇంజెక్షన్ ఇంకా ప్రమాదం, అందులోని స్ట్రెప్టోమైసిన్‌కి జెర్బిల్ కాళ్లు చచ్చుబడిపోయి చనిపోవచ్చు. ఈ విషయం డాక్టర్‌గారితో మీరే ముందుగా చెప్పండి, మన పల్లెల్లో వాళ్లు రోజూ చూసేది పశువుల్నే కాబట్టి చెప్తే ఏమీ అనుకోరు. మీకు గరివిడి వెటర్నరీ కాలేజీ పెద్ద దూరం కాదు, అక్కడ అడిగి చూడండి. వెళ్లేముందు వంటింటి డిజిటల్ కాటా మీద బరువు చూసి రాసుకోండి, మందు మోతాదు దాన్నిబట్టే. పెద్ద జెర్బిల్ సుమారు 70 నుంచి 100 గ్రాములు ఉంటుంది, అందులో 10 గ్రాములు తగ్గిందంటే చిన్న విషయం కాదు. వారం వారం తూస్తుంటే పళ్లు పెరిగి తినలేకపోతున్నా కాటా మీదే తెలిసిపోతుంది.

ఒళ్లు ముడుచుకుని ఓ మూల కూర్చుని, బొచ్చు నిక్కబొడుచుకుని, తోక కింద తడిగా ఉంటే మాత్రం తెల్లారేదాకా ఆగకండి. అది టైజర్ జబ్బు (బాక్టీరియాతో పేగులకీ కాలేయానికీ వచ్చేది) కావచ్చు, జెర్బిళ్లకి ఇది చాలా తొందరగా సోకుతుంది, ఒకటి రెండు రోజుల్లోనే తీసుకుపోతుంది. రెండోదాన్ని వెంటనే వేరు చేసి, తొట్టిలో పరిచినదంతా పారేయండి. ఈ క్రిములు ఎలకల రెట్టతో వస్తాయి కాబట్టి వీటికి పెట్టే గంటెలు (సజ్జలు), సామలు గోనెసంచిలో కాకుండా స్టీలు డబ్బాలో పెట్టుకోండి.

చేతిలోకి తీసుకోగానే ఒక్కోటి బిగుసుకుపోయి వణుకుతుంది. అది ఫిట్స్, ఈ జాతిలో చాలావాటికి ఉంటుంది. కింద పెట్టి, లైటు తగ్గించి, అలా వదిలేస్తే కొద్ది నిమిషాల్లో దానంతట అదే తేరుకుంటుంది, నోట్లో నీళ్లు పోయకండి. ఇంట్లో పిల్లలుంటే తోక పట్టి ఎత్తొద్దని గట్టిగా చెప్పండి, తోక చర్మం తొడుగులా ఊడి వచ్చేస్తుంది, మళ్లీ రాదు.

మీ మగదాని వయసు చెప్పలేదు. రెండేళ్లు దాటితే పొట్ట మధ్యలో జుట్టు లేని చోట కూడా చూడండి. అక్కడ వాసన గ్రంథి ఉండటం మామూలే, కానీ అది గడ్డలా పెరిగినా, రసి కారినా కణితి కావచ్చు, చిన్నగా ఉన్నప్పుడే తీయించాలి. వయసు, బరువు, ఆ దూది మెరిసిందో లేదో ఇక్కడే రాయండి, చూసి చెప్తాను.