ఆ చెవుల దగ్గర ఆగి ఉంటే

చిరంజీవి అమ్మాయికి,

తిరుపతి నుంచి ఆశీస్సులు. మ్యూజియంలో బుద్ధుడి విగ్రహం చూసొచ్చి నువ్వు రాసిన వ్యాసం మొన్న అందింది. రెండో పేజీలో ఒక వాక్యం ఉంది: "బుద్ధుడి చెవి తమ్మెలు మా అవ్వ తమ్మెల్లాగే కిందికి సాగి ఉన్నాయి." అది చదివి కాగితం పక్కన పెట్టి కాసేపు అలాగే కూర్చున్నాను. తర్వాతి వాక్యానికి వచ్చేసరికి కోపం వచ్చింది. శాంతి, కరుణ, మౌనం అంటూ మొదలుపెట్టి చివరిదాకా అవే మాటలు. అంత మంచి వాక్యం దొరికాక దాన్ని వదిలేసి వెళ్ళడానికి నీకు మనసెలా వచ్చింది?

ఆ చెవులు ఎందుకు సాగాయో ఆలోచించావా? సిద్ధార్థుడు రాజు కొడుకు. చిన్నప్పటి నుంచి బరువైన కుండలాలు మోసిన చెవులవి. ఇల్లు వదిలిన రాత్రి ఒంటి మీది నగలన్నీ తీసి సారథి ఛన్నుడి చేతికిచ్చి వెనక్కి పంపేశాడని కథ. నగలు పోయినా చెవులు అలాగే ఉండిపోయాయి. శిల్పులు తరతరాలుగా ఆ చెవుల్నే చెక్కుతూ వచ్చారు. మరి మీ అవ్వ కమ్మలు ఎప్పుడు తీసింది? కూతురి పెళ్ళికా, ఆస్పత్రి ఖర్చుకా, బోరు వేయించడానికా? మన చిత్తూరు వైపు బోరు కోసం తాకట్టుకు పోయిన కమ్మలు ఎన్నో. ఆయన కావాలని తీసిచ్చాడు, ఈవిడ గతిలేక తీసిచ్చింది. మిగిలిన చెవులు మాత్రం ఇద్దరివీ ఒకేలా ఉన్నాయి. నీ వ్యాసమంతా అక్కడుంది. మీ అమ్మను కూర్చోబెట్టి అడుగు, తెలియకుండా ఉండదు.

ఇంకో సంగతి. నువ్వు చూసిన విగ్రహం రాయా, కంచా? మూడు పేజీల్లో ఎక్కడా లేదు. మద్రాసు ఎగ్మూర్ మ్యూజియంలో రెండూ ఉన్నాయి. రాయి అయితే మన అమరావతిది కావచ్చు, పల్నాటి సున్నపురాయి. అక్కడి శిల్పాల్ని 1845లో వాల్టర్ ఇలియట్ అనే కంపెనీ దొర తవ్వించి మద్రాసుకు చేర్చాడు, అందులో చాలా పలకలు తర్వాత ఓడెక్కి లండన్ పోయాయి. కంచు అయితే నాగపట్నానిది కావచ్చు. 1856 నుంచి అక్కడ మూడొందల పైచిలుకు బౌద్ధ విగ్రహాలు బయటపడ్డాయి. వాటిలో చాలా బుద్ధుల తల మీద మంట ఆకారంలో చిన్న శిఖ ఉంటుంది. రాతి చెవి పెచ్చు లేస్తుంది, కంచు చెవి మెరుస్తుంది. మీ అవ్వ చెవి దేన్ని చూస్తే గుర్తొచ్చిందో చెప్పకపోతే నీ జ్ఞాపకాన్ని మేమెలా నమ్మాలి?

నేను ఇన్నేళ్ళుగా ఒకే మాట చెబుతున్నాను, విసుక్కున్నా సరే విను. ముందు చూడాలి. కళ్ళు నొప్పి పుట్టేదాకా చూడాలి. జ్ఞాపకం దానంతటది వస్తుంది. జ్ఞాపకాన్ని ఇంటి దగ్గరే సిద్ధం చేసుకుని మ్యూజియానికి పోతే అక్కడ బొమ్మ కనబడదు. ఇప్పుడు ఇదొక ఫ్యాషన్ అయింది. ఏ ఆదివారం అనుబంధం తెరిచినా అమ్మమ్మ, వెన్నముద్ద, వాన వాసన. రాసినవాళ్ళు వేరైనా అమ్మమ్మ ఒక్కతే!

ఎడిటర్లు కూడా అదే అడుగుతారు. నేను గాంధీరోడ్డులో ఒక బట్టల కొట్లో లెక్కలు రాసే రోజుల్లో, గంగజాతరలో ఆడవేషం కట్టే మనిషి మీద కథ రాశాను. అతను మీసం తీయించుకునే చోటు ఒక పేజీ. సబ్బు నురగ, కత్తి, అద్దం, ఆ నున్నటి పైపెదవిని అతను వేలితో తడుముకోవడం. ఎడిటర్ ఆ పేజీ మొత్తం కొట్టేసి, స్త్రీశక్తి గురించి సొంతంగా ఒక పేరా రాసి చేర్చి అచ్చేశాడు. అందరూ బాగుందన్నారు. నా పుస్తకాల్లో దేనిలోనూ ఆ కథ చేర్చలేదు. ఆ పెద్దమనిషి మీద నాకు ఇప్పటికీ మంట చల్లారలేదు.

అమరావతిలో విధికుడనే తోలుపనివాడి శాసనం ఒకటి దొరికింది. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకుతో, కూతుళ్ళతో, చుట్టాలతో, స్నేహితులతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలక ఇచ్చానని చెప్పుకున్నాడు. శాంతి అనలేదు, కరుణ అనలేదు. ఎవరెవరు కలిసి ఇచ్చారు, ఏమిచ్చారు, అంతే. అన్ని వందల ఏళ్ళ తర్వాత కూడా ఆ ఇల్లంతా కళ్ళ ముందు నిలబడుతుంది. 2018లో మన రాష్ట్రం తన చిహ్నంలో పెట్టుకున్నది ఆ పూర్ణఘటాన్నే. నీ వ్యాసంలో మీ ఇంటి మనుషులు ఒక్కరూ అలా నిలబడలేదు, అవ్వ చెవులు తప్ప.

మళ్ళీ వెళ్ళు. పొద్దున్నే రైలెక్కితే సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. శుక్రవారం మ్యూజియానికి సెలవు, చూసుకో. ఫోన్ సంచిలో పెట్టి నోటుబుక్కు తీయి. నలగిరి ఏనుగు పలక దగ్గర తప్పకుండా ఆగు. ఒకవైపు మదమెక్కి వీధిలో జనాన్ని తొక్కేస్తున్న ఏనుగు, ఇంకోవైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లి ఉంటుంది. అందరూ బుద్ధుణ్ణి చూసి వచ్చేస్తారు. నువ్వు పైన కిటికీల్లోంచి తొంగిచూసే మొహాలు చూడు, భయంతో పక్కవాళ్ళను పట్టుకున్న ఆడమనిషిని చూడు. మన వీధుల్లో ఊరేగింపులో ఏనుగు బెదిరితే అచ్చం ఇలాగే ఉంటుంది. ఆ శిల్పి వీధిలో నిలబడి చూసినవాడు, నాకు సందేహం లేదు.

కలం పేరు పెట్టుకోనా అని అడిగావు, అది నీ ఇష్టం. దసరా సంచికకు టైమ్ అయిపోతోందని టెన్షన్ పడుతూ రాశావు. పోనీ, వచ్చే దసరా ఉంది. తిరగరాసింది ముందు నాకు పంపు, కాగితానికి ఒకవైపే రాయి, పక్కన నేను రాయడానికి చోటు వదులు.