మెరీనా బే శాండ్స్‌లో ఒక రాత్రి: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం సింగపూర్‌లోని ఒకే ఒక హోటల్, మెరీనా బే శాండ్స్ గురించే. అందుకని ఈ సంచికలో శీర్షిక మొత్తం దానికే కేటాయించాం.

ప్రశ్న: అమ్మాయి, అల్లుడు సింగపూర్‌లో ఉంటారు. వచ్చే నెల మేమిద్దరం వెళ్తున్నాం. మూడు టవర్ల మీద ఓడ పెట్టినట్టుండే ఆ హోటల్లో ఒక్క రాత్రయినా ఉండాలని మావారి కోరిక. అమ్మాయి ఇల్లు ఉండగా హోటల్‌కి అంత డబ్బు పోయడం దండగ కాదా?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: గది తీసుకుంటే తప్ప దొరకనిది అక్కడ ఒక్కటే ఉందమ్మా. 57వ అంతస్తు మీద, దాదాపు 150 మీటర్ల పొడవున్న స్విమ్మింగ్ పూల్. అందులోకి గదిలో దిగినవాళ్లనే పంపిస్తారు, గేటు దగ్గర గది కార్డు చూపించాలి. మిగతావన్నీ, అంటే పైనుంచి ఊరు చూడటం, మ్యూజియం, షాపులు, రాత్రి నీళ్ల మీద లైట్ల ప్రదర్శన, గది లేకుండానే చూడొచ్చు. కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది మీరిద్దరూ నీళ్లలో దిగుతారా లేదా అని. దిగుతామంటే ఒక రాత్రి ఉండండి, ఆ డబ్బుకు న్యాయం జరుగుతుంది. దిగమంటే మాత్రం వద్దు. ఊరు చూడటానికి అబ్జర్వేషన్ డెక్ టికెట్ చాలు. సాయంత్రం టికెట్ పగటి కంటే ఖరీదెక్కువ.

ఉండాలని తేల్చుకుంటే రేటు చదవడం తెలియాలి. ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు (++) కనిపిస్తే 10 శాతం సర్వీస్ ఛార్జీ, దాని మీద 9 శాతం జీఎస్‌టీ ఇంకా కలపలేదని అర్థం. రెండూ కలిస్తే దాదాపు 20 శాతం అవుతుంది. 700 సింగపూర్ డాలర్లు అన్న గది చివరికి 839 డాలర్లు దాటుతుంది. ఆదివారం నుంచి గురువారం దాకా రాత్రులు సాధారణంగా చవక. చైనీస్ న్యూ ఇయర్ రోజుల్లో, ఫార్ములా వన్ రేసు వారంలో వెళ్లకండి. ఆ రేసు ట్రాకు హోటల్ పరిసరాల్లోనే ఉంటుంది కాబట్టి రేట్లు అందనంత ఎత్తుకు పోతాయి, రోడ్లూ మూసేస్తారు.

చెకిన్ మధ్యాహ్నం 3కి, చెకవుట్ ఉదయం 11కి. అంటే మీ చేతిలో ఉండేది 20 గంటలు. గది సిద్ధం కాకపోయినా పెట్టెలు అప్పజెప్పి తిరిగి రావొచ్చు కాబట్టి ముందే వెళ్లిపోండి. గది ఖాళీ చేశాక పూల్‌కి పంపిస్తారా లేదా అన్నది చెకిన్ కౌంటర్ దగ్గరే అడిగి తెలుసుకోండి. డిపాజిట్ కింద కార్డు మీద కొంత సొమ్ము ఆపి ఉంచుతారు. క్రెడిట్ కార్డయితే అది లిమిట్‌లోంచి తగ్గి తర్వాత మామూలైపోతుంది. డెబిట్ కార్డయితే నిజంగా ఖాతాలోంచే ఆగిపోయి, తిరిగి రావడానికి రోజులు పడుతుంది. క్రెడిట్ కార్డే ఇవ్వండి. దాని మీద విదేశీ లావాదేవీలు ఆన్ చేసి ఉన్నాయో లేదో ఇంట్లోంచి బయల్దేరకముందే బ్యాంకు యాప్‌లో చూసుకోండి. కౌంటర్ దగ్గర ఎక్కువమంది ఇబ్బంది పడేది ఇక్కడే.

పూల్‌కి ఎప్పుడు వెళ్లాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. సాయంత్రం సూర్యాస్తమయం వేళ అంచు పొడవునా జనం నిలబడి ఉంటారు, ఫొటోకి చోటు దొరకదు. పూల్ ఉదయం 6కే తెరుస్తారు. సింగపూర్‌లో ఏడాది పొడవునా సూర్యుడు 7 గంటల ప్రాంతంలో ఉదయిస్తాడు. ఆరింటికి పైకి వెళ్తే ఇంకా చీకటే, కింద ఊరి దీపాలు వెలుగుతుంటాయి, నీళ్లలో ఉండగానే తెల్లవారుతుంది. ఆ గంట కోసమే గది తీసుకున్నామనుకోండి. మన టైము ప్రకారం అది తెల్లవారుజాము మూడున్నర కాబట్టి మొదటి రోజే హోటల్లో దిగకండి. రెండు మూడు రోజులు అమ్మాయి ఇంట్లో ఉండి, నిద్ర సర్దుకున్నాక వెళ్లండి.

లోతు నాలుగడుగులే, ఈత రానివాళ్లూ నిలబడొచ్చు. చుడీదార్, చీర, లుంగీ, కాటన్ నిక్కరు పనికిరావు. నూలు పోగులు ఊడి వడపోత యంత్రాల్లో చిక్కుకుంటాయి. మణికట్టు దాకా, మడమ దాకా ఒళ్లు కప్పే నైలాన్ లేదా లైక్రా ఈత దుస్తులు మన ఊళ్లోనే దొరుకుతాయి, మీకు అవి హాయిగా ఉంటాయి. సింగపూర్‌లో మధ్యాహ్నాలు ఉరుములు మెరుపులు ఎక్కువ. మెరుపు కనబడితే అందర్నీ నీళ్లలోంచి లేపేస్తారు. సాయంత్రం మీద ఆశ పెట్టుకోకుండా పొద్దున్నే వెళ్లమనడానికి అదింకో కారణం.

ప్రశ్న: ఎత్తయిన టవర్లు గాలికి ఊగుతాయి కదా. మూడు వేర్వేరు టవర్ల మీద ఒకే పూల్ పగలకుండా ఎలా ఉంది? నీళ్లు అంచు మీంచి కింద జనం మీద పడవా?
— సివిల్ ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: ఫొటోలో ఒకే పూల్‌లా కనిపించేది నిజానికి స్టెయిన్‌లెస్ స్టీల్ తొట్లు వరసగా అమర్చింది. ఆర్కిటెక్ట్ మోషే సాఫ్డీ డిజైన్ చేసిన ఈ భవనంలో, టవర్ల మీద ఓడలా కనిపించే వేదిక (స్కైపార్క్) పొడవు 340 మీటర్లు. మూడు టవర్లూ ఒక్కో క్షణంలో ఒక్కో తీరుగా కదులుతాయి కాబట్టి, పైనున్న వేదికను బిగించి కట్టేస్తే ఎక్కడో ఒకచోట చీలాల్సిందే. అందుకే టవర్లకీ వేదికకీ మధ్య కదలిక అతుకులు పెట్టారు. పూల్ కింద అలాంటివి నాలుగున్నాయి, మొత్తం 500 మిల్లీమీటర్ల దాకా కదలికను ఓర్చుకుంటాయి. కాలం గడిచేకొద్దీ భవనం కాస్త కుంగుతుంది, అన్ని టవర్లూ సమానంగా కుంగవు. అంచు ఒకవైపు ఒక్క సెంటీమీటరు దిగినా నీళ్లన్నీ అటే పొర్లుతాయి, రెండోవైపు గోడ పొడిగా బయటపడుతుంది. అందుకని తొట్ల కాళ్ల కింద జాకీలు ఉన్నాయి, వాటితో మళ్లీ మట్టం సరిచేస్తారు. పొలంలో మడి మట్టం చేయడం చూసినవాళ్లకు ఈ చిక్కు వెంటనే అర్థమవుతుంది.

నీళ్లు జనం మీద పడవు. అంచు బయట, కొంచెం కిందగా, మనకి కనబడని ఇంకో కాలువ ఉంటుంది. పొర్లిన నీళ్లు అందులో పడి, వడపోతకు వెళ్లి, తిరిగి పంపు ద్వారా పూల్‌లోకి వస్తాయి. ఫొటోలో అంచు అవతల శూన్యమున్నట్టు కనిపించేది ఈ కాలువ కెమెరా కోణానికి దొరకదు కాబట్టే. వేదిక ఒక చివర టవర్ దాటి 65 మీటర్లకు పైగా గాల్లోకి పొడుచుకుని ఉంది. జనం నడకకి, గాలికి అది అదరకుండా లోపల ఊపును తగ్గించే డ్యాంపర్ అమర్చారు. అబ్జర్వేషన్ డెక్ ఉన్నది ఆ చివరే.

ప్రశ్న: హోటల్లో దిగే స్తోమత లేదు. ఇద్దరు పిల్లలతో ఒక సాయంత్రం డబ్బు ఖర్చు లేకుండా ఏం చూడొచ్చు?
— వరంగల్ నుంచి ఒక తండ్రి

జవాబు: సాయంత్రం అయిదున్నరకు బేఫ్రంట్ మెట్రో స్టేషన్‌లో దిగండి. ముందు హీలిక్స్ వంతెన ఎక్కండి. 280 మీటర్ల పొడవున్న ఈ కాలి వంతెనను డీఎన్ఏ మెలికలా కట్టారు. చీకటి పడ్డాక సీ, జీ, ఏ, టీ అక్షరాలు వెలుగుతాయి. తొమ్మిదో తరగతి దాటిన పిల్లలుంటే ఆ అక్షరాలేమిటో వాళ్లనే చెప్పమనండి. పక్కనే పది రేకుల తామరలా ఉండేది ఆర్ట్‌సైన్స్ మ్యూజియం. లోపలికి టికెట్టే, కానీ బయటి నుంచి ఆకారం చూడటానికి ఖర్చేమీ లేదు. దాని కప్పు మీద పడ్డ వాన నీరు మధ్యనున్న రంధ్రం గుండా జలపాతంలా కిందికి దిగుతుంది, ఆ నీటిని మళ్లీ వాడుకుంటారు.

హోటల్ నుంచి గార్డెన్స్ బై ది బే అనే ఉద్యానవనానికి పైవంతెన ఉంది. 7.45కి అక్కడి సూపర్‌ట్రీల కింద పాటలకు తగ్గట్టు లైట్లు వెలిగే ప్రదర్శన మొదలవుతుంది, టికెట్ లేదు. 7.25 కల్లా చేరి, దుప్పటి పరిచి వెల్లకిలా పడుకోండి. ఆ ఉక్కు చెట్లు 25 నుంచి 50 మీటర్ల ఎత్తుంటాయి, నిలబడి చూస్తే పది నిమిషాల్లో మెడ పట్టేస్తుంది. అయిపోగానే పరుగెత్తకండి. హోటల్ వైపు నీళ్ల మీద జరిగే లైట్ల ప్రదర్శనలో 8 గంటలది ఎలాగూ అందదు, 9 గంటలది చూడండి. శుక్ర, శనివారాల్లో 10కి కూడా ఉంటుంది. షాపింగ్ సముదాయం ముందు, నీటి ఒడ్డున మెట్ల మీద 8.40కి కూర్చోండి. 15 నిమిషాలు నడుస్తుంది. గాలి మీవైపు వీస్తుంటే తుంపర పడుతుంది కాబట్టి చంటిపిల్ల ఉంటే పై మెట్లు ఎంచుకోండి. హోటల్ మొత్తం కనిపించేలా లేజర్ కిరణాలు చూడాలంటే అవతలి ఒడ్డున మెర్లయన్ (సింహం తల, చేప ఒళ్లు ఉన్న విగ్రహం) దగ్గర నిలబడాలి, కానీ అక్కడ సంగీతం వినిపించదు. పిల్లలకు ఇవతలి ఒడ్డే బాగుంటుంది.

ప్రశ్న: శాకాహారులం. ఏం తినాలి?
— గుంటూరు

జవాబు: బేఫ్రంట్‌లో డౌన్‌టౌన్ లైన్ ఎక్కితే నాలుగో స్టేషన్ లిటిల్ ఇండియా. ఇడ్లీ, దోసె, అరిటాకు భోజనం అన్నీ సెరంగూన్ రోడ్డులో దొరుకుతాయి. హోటల్ పరిసరాల్లోనే తినాలంటే ఫుడ్ కోర్టులో "వెజిటబుల్" అని రాసి ఉందని మోసపోవద్దు. సంబల్ అనే కారప్పచ్చడిలో సాధారణంగా ఎండు రొయ్యల ముద్ద ఉంటుంది. నూడుల్స్ పులుసు కోడి ఎముకలతో కాస్తారు. "రొయ్య, చేప సాస్, చికెన్ స్టాక్, గుడ్డు" అని నాలుగూ పేరుపెట్టి అడగండి. కుళాయి నీళ్లు తాగొచ్చు, సీసా కొనక్కర్లేదు.

ప్రశ్న: ఆ హోటల్ సముదాయంలోని కాసినో (జూదశాల) లోపలికి వెళ్లి చూడాలనుంది. మన రాష్ట్రాల్లో లేవు కదా. నియమాలేమిటి? తక్కువ నష్టం వచ్చే ఆట ఏది?
— ఒక యువకుడు, హైదరాబాద్

జవాబు: 21 ఏళ్లు నిండాలి. పర్యాటకులకు ప్రవేశ రుసుం లేదు, కానీ అసలు పాస్‌పోర్టు చేతిలో ఉండాలి. ఫోన్లో ఫొటో చూపిస్తే ఒప్పుకోరు. చెప్పులు, నిక్కరు, చేతుల్లేని బనియన్ వేసుకెళ్తే గేటు దగ్గరే ఆపేయొచ్చు. లోపల ఫొటోలు నిషేధం. అంతెత్తు హాలు, మధ్యలో వేలాడే దీపాలు, అంతస్తులుగా బల్లలు చూసి రావడానికి అరగంట చాలు.

ఆటల సంగతి లెక్క వేసి చూద్దాం. రూలెట్ చక్రంలో 0 నుంచి 36 దాకా 37 గళ్లుంటాయి. ఒక అంకె మీద 10 డాలర్లు పెట్టి గెలిస్తే 350 ఇస్తారు, మీ 10 మీకొస్తాయి, మొత్తం 360. ఇప్పుడు 37 అంకెల మీదా పదేసి పెట్టారనుకోండి. 370 పెట్టారు, ఏ అంకె వచ్చినా 360 వస్తాయి. ఎవరు ఎలా ఆడినా ఆ తేడా, అంటే 2.7 శాతం, బల్లకే మిగులుతుంది. రెండు సున్నాలున్న చక్రమైతే గళ్లు 38, తేడా 5.26 శాతం. కూర్చునే ముందు చక్రం మీద సున్నాలు లెక్కపెట్టండి. బాకరా అనే పేకాటలో బ్యాంకర్, ప్లేయర్ అని రెండు వైపులుంటాయి. బ్యాంకర్ వైపు పందేనికి బల్లకు మిగిలేది 1.06 శాతమే, కానీ టై (రెండు వైపులా సమానం) మీద పెడితే 14 శాతం దాటుతుంది. టైకి ఎనిమిదింతలు ఇస్తామనే బోర్డు చూసి ఆశపడేది కొత్తవాళ్లే.

శాతం చిన్నదిగా కనిపించినా అది ప్రతి పందెం మీదా పడుతుంది. స్లాట్ మిషన్‌లో గంటకు 500 సార్లు, సారికి ఒక డాలరు చొప్పున నొక్కితే, జేబులో ఉన్నది 100 డాలర్లే అయినా మీరు తిప్పినది 500. మిషన్‌కు మిగిలేది 5 శాతం అనుకుంటే గంటకు సగటున 25 డాలర్లు పోయినట్టే. కాబట్టి పోయినా ఫర్వాలేదనుకున్న నోట్లు మాత్రమే జేబులో పెట్టుకుని, కార్డులు గది లాకర్లో ఉంచి వెళ్లండి. సింగపూర్ చట్టం కాసినో లోపల ఏటీఎం పెట్టనివ్వదు, అది మీకు మేలే చేస్తుంది.

గెలిస్తే సింగపూర్‌లో పన్ను లేదు. కానీ భారతదేశంలో నివాసి అయినవారికి విదేశంలో వచ్చిన ఆదాయమూ పన్ను కిందికే వస్తుంది. జూదం గెలుపు మీద 30 శాతం, పైన సెస్సు. పోగొట్టుకున్నది అందులోంచి తీసేయనివ్వరు. తిరిగొచ్చేటప్పుడు విదేశీ నోట్లు 5,000 అమెరికన్ డాలర్ల విలువ దాటితే కస్టమ్స్‌లో డిక్లరేషన్ ఇవ్వాలి.

ప్రశ్న: సింగపూర్‌లో పీఆర్ (శాశ్వత నివాస హోదా) మీద ఉంటున్నాం. మా తమ్ముడు వారం వారం కాసినోకి వెళ్తున్నాడు. ఏడాది పాస్ కూడా తీసుకున్నాడని తెలిసింది. ఆపే దారి ఉందా?
— ఒక అక్క, సింగపూర్

జవాబు: ఉందమ్మా. పౌరులకూ పీఆర్‌లకూ ప్రవేశ రుసుం 24 గంటలకు 150 డాలర్లు, ఏడాదికి 3,000. 2019 ఏప్రిల్ దాకా ఇవి 100, 2,000గా ఉండేవి. జనం వెనక్కి తగ్గాలని పెంచారు, కానీ ఏడాది రుసుం కట్టేసిన మనిషికి "కట్టాను కదా, వెళ్లకపోతే నష్టం" అనిపిస్తుంది. మీ తమ్ముడిలో ఆ ఆలోచన మొదలై ఉంటే కోప్పడటం వల్ల తగ్గదు.

జూద వ్యసనం మీద పనిచేసే నేషనల్ కౌన్సిల్ ఆన్ ప్రాబ్లమ్ గాంబ్లింగ్ ద్వారా మూడు దారులున్నాయి. మొదటిది, అతనే స్వయంగా తన ప్రవేశాన్ని నిషేధించమని దరఖాస్తు చేసుకోవడం. ఆన్‌లైన్‌లో అయిపోతుంది, రద్దు చేసుకోవాలన్నా కనీసం ఏడాది ఆగాలి. రెండోది, నెలకు ఇన్నిసార్లే అని పరిమితి పెట్టించుకోవడం. పూర్తి నిషేధానికి ఒప్పుకోనివాడు దీనికి ఒప్పుకునే అవకాశం ఉంది. మూడోది కుటుంబ నిషేధం. భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు అడగొచ్చు, అంటే మీరు అడగొచ్చు. దీనికి విచారణ ఉంటుంది కాబట్టి అప్పుల కాగితాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇంట్లో ఆగిపోయిన చెల్లింపుల వివరాలు తేదీల వారీగా పెట్టుకోండి. ఉత్తర్వు వస్తే సింగపూర్‌లోని రెండు కాసినోలకూ, అంటే మెరీనా బేకీ సెంటోసాకీ, వర్తిస్తుంది.

అతని అప్పు మీరు తీర్చేయకండి. తీర్చిన వెంటనే చేతిలో డబ్బు ఆడుతుంది, మళ్లీ బల్ల దగ్గరికే దారి. తీర్చాల్సి వస్తే అతని చేతికివ్వకుండా నేరుగా అప్పిచ్చినవాళ్లకే కట్టండి, రసీదు తీసుకోండి. కౌన్సిల్ హెల్ప్‌లైన్ 1800-6-668-668. అతను మాట్లాడనంటే ముందు మీరే ఫోన్ చేయండి, కుటుంబ సభ్యులకూ సలహా ఇస్తారు.